వరలక్ష్మక్క చేతివాసి

తొమ్మిదేళ్ళుగా నేను మోస్తున్నది ఒక చారెడు పొడి. లేత గోధుమరంగులో ఉంటుంది, వేళ్ళ మధ్య నలిపితే సన్నటి ఇసుకలా జారుతుంది. గోరువెచ్చని నీళ్ళలో వేస్తే పావుగంటలో నురగ కడుతుంది. అంతే. విషం కాదు. అది వాడినందుకు ఏ చట్టమూ నన్నేమీ అనదు. కానీ ఆ చారెడు పొడి కింద ఒక మనిషి పేరు నలిగిపోయింది. ఎలా నలిగిందో నాకొక్కదానికే తెలుసు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. నేను ఎవరితో మాట్లాడినా అది వాదనలోకి దిగుతుంది. మీరు ఎదురు చెప్పలేరు కాబట్టే మీకు చెబుతున్నానేమో. చూశారా, ఒప్పుకుందామని కూర్చున్నా నా బుద్ధి ముందు తప్పించుకునే దారే వెతుక్కుంది.

దాక్కోవడానికి ఇంకో చోటు కూడా చూసుకున్నాను. తెలుగులో రాస్తున్నాను. మా ఆయన నాకు మేనత్త కొడుకు, బావ. ఇంట్లో మాట తెలుగే అయినా తిరువళ్ళూరులో తమిళ బడిలో చదివాడు, తెలుగు అక్షరం రాదు. నేను పళ్ళిపట్టు పక్క తెలుగు బళ్ళో చదివి, తర్వాత తిరుత్తణిలో కెమిస్ట్రీ డిగ్రీ చేశాను. ఈ కాగితాలు బల్ల మీద పడేసినా ఆయన వాటి మీద టీగ్లాసు పెట్టుకుంటాడు గానీ చదవలేడు. ఇందులో ఉన్నది ఆయన సంగతే. రాసింది ఆయనకు రాని లిపిలో. దీన్ని ధైర్యం అంటారా?

మా ద్రాక్షతోట పొదటూరుపేట దాటాక వచ్చే కొండల్లో ఒకదాని మీద ఉంది. కొండంటే ఊటీ అనుకోకండి. స్వెట్టర్లు అమ్మేవాళ్ళెవరూ మా దగ్గరికి రారు. కాకపోతే కింద ఊళ్ళో ఫ్యాను లేకుండా కన్ను మూతపడని రోజుల్లో మేం దుప్పటి కప్పుకుంటాం. మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, ఎండ వచ్చాక కూడా పందిళ్ళ మీద మంచు కాసేపు ఆగుతుంది. మా సీసాల మీద 'ఎత్తయిన కొండ తోట' అని ఉంటుంది. ఎత్తయిన అనే మాట వద్దని వాదించాను. అందులో ఓడిపోయాను.

బావ మద్రాసు పక్క పట్టాభిరామ్‌లో ఒక చిన్న కార్ఖానాలో చేరి, అది నచ్చక బెంగళూరు పక్క ఒక వైన్ తోటలో ఆరేళ్ళు పనిచేసి వచ్చాడు. వాళ్ళ తాత మేకలు తోలుకున్న కొండ నేలలో పందిళ్ళు వేశాడు. తీగె కత్తిరించడం, కాయ ఎప్పుడు కొయ్యాలో చెప్పడం, రుచి చూడడం ఆయన పని. చక్కెర ఎంతుంది, పులుపు ఎంతుంది కొలవడం, లైసెన్సు కాగితాలు, అమ్మకం నా పని. మొదట్లో మా చిన్నత్త నన్ను సారాయి కాసే కోడలని పదిమందిలో అంది. తాగే మీ అబ్బాయికి లేని సిగ్గు కాచేదానికెందుకత్తా అన్నాను. ఆ తర్వాత మా ఇంటికి రావడం మానేసింది. నా నోరు అలాంటిది. ఊరంతటికీ తెలుసు. దాన్ని చూసి నేను గర్వపడేదాన్ని కూడా.

ద్రాక్షరసం వైన్ కావాలంటే పులవాలి. పులిపించేది ఈస్ట్. అందరూ పొట్లాల్లో వచ్చే ఈస్ట్ వేస్తారు, మేమూ స్టీలు పీపాల్లో అదే వేసేవాళ్ళం. తొమ్మిదేళ్ళ కిందట బావకు ఒక కోరిక పుట్టింది. ద్రాక్ష తోలు మీద తెల్లగా బూడిద పూసినట్టు ఉంటుందే, అందులోనే ఈ కొండకు సొంతమైన పులుపు ఉంటుంది, పొట్లం లేకుండా మట్టిబానలో దానంతట అది పొంగాలి అన్నాడు. స్టీలు పీపాల షెడ్డులోని పొట్లం ఈస్ట్ సోకకుండా ఇంకా పైన ఒక రాతిగది కట్టించి, బానలు తెచ్చి, మరిగే నీళ్ళతో కడిగించాడు.

నేను వాదించాను. కార్తీకదీపం వానలు తగ్గాక కత్తిరిస్తే మా కాయ పంగునిలో, అంటే ఉగాది ముందటి ఎండలకు పండుతుంది. ఆ వేడిలో పొంగు ఆలస్యమైతే పండ్ల మీద వాలే పురుగులు ముసిరి, బానెడు రసం వెనిగర్ అయి కూర్చుంటుంది. ఇది పుస్తకంలో ఉన్న మాట. నేను చదివిన మాట. బావ అంతా విని, మీ అమ్మ దోసెపిండికి ఏ కంపెనీ పొట్లం వేసేది అని అడిగాడు.

నాకు బదులు దొరకలేదు. అది నన్ను గుచ్చింది. ఎంతగా గుచ్చిందో మీకు చెబితేనే తర్వాతి సంగతి అర్థమవుతుంది. ఆయన అన్నది తప్పని కాదు, నేను బదులు చెప్పలేకపోయానని.

దోసెపిండి మాట వచ్చాక బావకు ఇంకొకటి తట్టింది. చేతివాసి. పొదటూరుపేట నేతవీధిలో ఒకావిడ ఉండేది. పేరు మార్చి వరలక్ష్మక్క అంటాను. మొగుడు పోయాక కూడా మగ్గం వదల్లేదు. ఆ వీధిలో పడుగును, అంటే మగ్గానికెక్కే నిలువు నూలును, వీధి పొడవునా చాచి, తెల్లవారకముందే అందరూ కలిసి గంజి పెడతారు. ఆ గంజిలో మొదటి చెయ్యి వరలక్ష్మక్కది ఉండాలి. ఎంత పులిసిందో వేలు ముంచి చెప్పేది. పెళ్ళిళ్ళకు ఆవకాయ కలపాలన్నా, పిండి పులియబెట్టాలన్నా ఆమెనే పిలిచేవాళ్ళు. ఆమె చేత్తో పెట్టింది ఏడాదైనా బూజు పట్టదని పేరు. బావ వెళ్ళి ఆమెను పనికి రమ్మన్నాడు. బానలో తోలు, పిప్పి పైకి తేలుతుంది. దాన్ని రోజుకు మూడుసార్లు కిందికి తొక్కి కలపాలి. ఆ కలిపే చెయ్యి ఆమెదే కావాలన్నాడు.

నేను నవ్వాను. చేతివాసి అనేది కెమిస్ట్రీలో లేదు అన్నాను. వరలక్ష్మక్క ముందే అన్నాను. ఆమె కూడా నవ్వి, పుస్తకంలో లేకపోతే పోనీలే అమ్మణ్ణీ, బానలో ఉంటే సాలు అంది.

మొదటి బాన నింపారు. ఒకరోజు, రెండురోజులు, మూడోరోజు. పొంగు లేదు. రసం చెరువు నీళ్ళలా కదలకుండా ఉంది. బావ అన్నం మానేశాడు. బానకు చెవి పెట్టి కూర్చునేవాడు. నాలుగోరోజు కృత్తిక నక్షత్రం వచ్చింది. తిరుత్తణి కొండెక్కి దణ్ణం పెట్టుకుని వస్తానని పొద్దున్నే వెళ్ళాడు. వరలక్ష్మక్క మధ్యాహ్నం అన్నానికి కింద ఊళ్ళోకి దిగింది.

నేను షెడ్డుకు వెళ్ళి పొట్లం విప్పి చారెడు పొడి తీశాను. నీళ్ళలో నానబెట్టాను. రాతిగదికి తీసుకెళ్ళి బానలో పోసి కలిపాను. పట్టపగలు, అరగంట పని. చెంబు కడిగి బోర్లించాను.

ఎందుకు చేశాను? జాలితో అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆయన ముఖం చూడలేకపోయానని. అందులో కొంత నిజం ఉంది. కానీ జాలితో చేసినదాన్ని ఆ సాయంత్రమే చెప్పెయ్యొచ్చు కదా. బావా, నేనే వేశాను, వచ్చే ఏడు చూద్దాం అనొచ్చు. నాలుగు మాటలు. నోరున్న మనిషిని, ఆ నాలుగు మాటలు ఎందుకు రాలేదు?

మర్నాడు బాన పొంగింది. బావ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుని రాతిగదికి లాక్కెళ్ళాడు. లోపల సన్నగా బుసబుస వినిపిస్తోంది. పాడతాంది మే అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ముఖం అలా ఉండడం నేను చూడలేదు. వరలక్ష్మక్క చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆమె సిగ్గుపడి చేతులు వెనక్కి లాక్కుని, వంగి వాసన చూసింది. రొట్టె వాసన వస్తాందే అంది. నావైపు ఒకసారి చూసింది. గంజి పులుపు తెలిసిన ముక్కు, పొట్లం ఈస్ట్ వాసన పట్టకపోతుందా. నేను బయటికి వచ్చేశాను.

ఆ ఏటి బాన వైన్ చాలా బాగుంది. అబద్ధమెందుకు, మేం అంతకుముందు చేసిన వాటన్నిటికంటే బాగుంది. కొనడానికి వచ్చినవాళ్ళందరికీ బావ కథ చెప్పేవాడు. ఇది ఈ కొండ పులుపు, ఇది మా అక్క చేతివాసి, మా ఇంటావిడ మాత్రం నమ్మలేదు, ఆమెది పుస్తకం అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేను గ్లాసులు అందిస్తూ నవ్వేదాన్ని. నేను గెలిపించిన వాదనలో నేను ఓడిపోయినదాన్నై నిలబడి ఉండేదాన్ని. ఏడాది పొడవునా అది లోపల పులిసింది.

రెండో ఏడు బావ నాలుగు బానలు పెట్టాడు. మొదటి ఏటి తప్పుకు జాలి అన్నాను, మీరు నమ్మినా నమ్మవచ్చు. రెండో ఏటి దానికి ఏ పేరూ లేదు. నేను పొడి వెయ్యలేదు. వెయ్యకపోతే ఏమవుతుందో తెలిసి వెయ్యలేదు. మూడోరోజు పొంగు లేదు, ఐదోరోజు లేదు. ఆ పంగుని ఎండ రాళ్ళను పగలగొట్టేలా ఉంది. పురుగులు ముసిరాయి. ఆరోరోజు గది తలుపు తీస్తే ముక్కు మండింది. నాలుగు బానలూ వెనిగర్.

ఆ రోజు కోసం నేను మాట సిద్ధం చేసుకుని ఉన్నాను. చూశావా బావా, పుస్తకం కూడా ఎవరో బానలు పాడుచేసుకున్న మనిషే రాసి ఉంటాడు. ఇదీ ఆ మాట. మూడు రోజులు నోట్లో తిప్పుకున్నాను. అది అనేసి, ఆయన దిగాలు పడ్డాక, పోనీలే అని ఓదార్చి, మొదటి ఏటి సంగతి కూడా నవ్వుతూ చెప్పెయ్యాలని. నా లెక్కలో అన్నీ ఉన్నాయి. వరలక్ష్మక్క ఒక్కతే లేదు.

నేను నోరు తెరిచేలోపు బావ ఆమె వైపు తిరిగాడు. పోయినేడు ఒక్క బానకు సరిపోయిన చెయ్యి, ఈ ఏడు యాడ పెట్టినావో ఏం ముట్టుకున్నావో, నాలుగింటినీ తగలబెట్టినాది అన్నాడు. కోత కూలీలు పదిమంది వింటుండగా. ఆయన కోపిష్టి మనిషి కాదు. ఏడాదంతా పెంచుకున్నది పోయినప్పుడు మనిషికి ఒక కారణం కావాలి. కొండను తప్పుపట్టలేడు. తన నమ్మకాన్ని తప్పుపట్టుకోలేడు. మిగిలింది ఆ చెయ్యి.

వరలక్ష్మక్క టిఫిన్ డబ్బా తీసుకుని కొండ దిగడం మొదలుపెట్టింది. నేను వెనకే వెళ్ళాను. చెప్పడానికే వెళ్ళాను, ఒట్టు. దారి మలుపు దగ్గర ఆమె ఆగింది.

"అమ్మణ్ణీ, నిన్నొకటి అడగాల."

"అడుగక్కా."

"నువ్వు సదువుకున్నదానివి. ఆయప్ప కోపంలో ఏందో అనె, పోనీ. నువ్వు చెప్పు. నా చేతిలో ఏమన్నా ఉండాదా?"

రెండు అరచేతులూ నా ముందు చాపింది. గంజికీ నూలుకీ గట్టిపడ్డ వేళ్ళు. ద్రాక్ష రంగు గోళ్ళలో దిగి ఉంది.

"ఏమో అక్కా," అన్నాను. "కొన్ని చేతులకు కొన్ని పడవంటారు."

"అంటారా, నువ్వంటావా?"

"నిజమేనేమో అక్కా."

"సరే అమ్మణ్ణీ. నువ్వే అంటే నిజమే అయ్యుంటాది."

అంతే. డబ్బా ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని దిగిపోయింది.

ఇక్కడ ఆగి రెండుసార్లు నీళ్ళు తాగాను. పొడి వెయ్యడం, వెయ్యకపోవడం, వాటి గురించి వాదించుకోవచ్చు. ఈ మాట మీద వాదన లేదు. చేతివాసి అనేది లేదని జీవితమంతా ఎగతాళి చేసినదాన్ని, ఉందని ఒకే ఒక్కసారి ఒప్పుకున్నాను, అదీ ఒక అమాయకురాలి చెయ్యి విరవడానికి. నిజం చెబితే ఏమయ్యేది? బావ నన్ను తిట్టేవాడు. కొన్నాళ్ళు మాట్లాడేవాడు కాదు. మోసంతో గెలవబోయానని తేలి, నేను వాదనలో ఓడిపోయేదాన్ని. మూడింటిలో దేనికి భయపడ్డాను? సిగ్గుగా ఉంది చెప్పడానికి, మూడోదానికే.

కూలీలు మాట మోసుకెళ్ళారు. పెళ్ళిళ్ళకు పిలవడం ఆగింది. నేతవీధిలో పడుగు చాచినప్పుడు, నువ్వు కూర్చో అక్కా, మేం కలుపుతాంలే అన్నారట. మంచిగానే అన్నారట. రెండేళ్ళు చూసి ఆమె మగ్గం అమ్మేసి, పట్టాభిరామ్‌లో కూతురింటికి వెళ్ళిపోయింది.

నేను మారానా? మూడో ఏడు బావ బానలు పెట్టనన్నాడు. ఆయన్ని అలా చూడలేక, ఒక్కటి పెట్టి చూడు, ఈసారి నువ్వే కలుపు అన్నాను. పొడి వేశాను. పొంగింది. ఆ తర్వాత ప్రతి ఏడూ వేశాను. ఏడు పంటలు. ఆయన కృత్తికకు వెళ్ళినప్పుడల్లా నా చేతిలో చెంబు. ప్రతి ఏడూ బాన పొంగినప్పుడు బావ అదే మాట అనేవాడు, ఆ చెయ్యి పోయినాక ఒక్కటీ చెడలా మే అని. అంటే ఏమిటి? నేను వేసిన ప్రతి చారెడూ ఆమె మీద ఇంకో సాక్ష్యం. నేను ఒక్కసారి తప్పుచేసి దాచుకున్నదాన్ని కాదు. ఏటేటా ఆమెను మళ్ళీ మళ్ళీ దోషిగా నిలబెట్టినదాన్ని.

నాలో ఉన్న వకీలు అప్పుడప్పుడూ లేచేది. ఆ ఏటి ఎండకు పొడి వేసినా చెడేదేమో, అప్పుడు నీ తప్పేముంది అని. ఆ వాదన నాకు మరీ అనుకూలంగా ఉంది. అందుకే దాన్ని కూర్చోబెట్టేశాను.

మొన్న పుష్యంలో లైసెన్సు పని మీద తిరువళ్ళూరు వెళ్ళాను. పని ముగించుకుని తిరుత్తణి బండి కోసం స్టేషన్లో నిలబడితే వరలక్ష్మక్క కనిపించింది. జుట్టు తెల్లబడింది. వీరరాఘవస్వామి దర్శనానికి వచ్చిందట, అమావాస్య కదా. నన్ను చూసి ఆమే ముందు పలకరించింది. బావ ఎలా ఉన్నాడని అడిగింది. బానలు బాగా వస్తున్నాయా అంది. వస్తున్నాయన్నాను. మంచిదాయ, నా చెయ్యి తీసేసినాక సరైంది అంది. దెప్పుతూ కాదు. నిజంగా సంతోషపడుతూ.

కూతురింట్లో ఏం చేస్తున్నావక్కా అని అడిగాను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి. పిండి రుబ్బుతానంది. ఇడ్లీపిండిలో ఉప్పు మాత్రం గరిటెతో కలుపుతానంది. చెయ్యి పెట్టను, పిల్లలు తినేది కదా, ఎందుకొచ్చిన రిస్కు అని నవ్వింది.

గరిటెతో. గంజిలో మొదటి చెయ్యి పెట్టిన మనిషి.

అంతలో మద్రాసు వైపు ఎలక్ట్రిక్ బండి వచ్చింది. ఆమె ఎక్కింది. నేను పోవలసింది అటు కాదు. నేనూ ఎక్కాను. పుట్లూరు దాటింది. సెవ్వాపేట దగ్గర మొదలుపెట్టాను. వేప్పంపట్టు, తిన్ననూరు, మధ్యలో వేరుశెనగలమ్మేవాడు మా మోకాళ్ళ మధ్యనుంచి దూరి వెళ్ళాడు, ఆపలేదు. మొదటి ఏడు, రెండో ఏడు, దారి మలుపు, తర్వాతి ఏడు పంటలు. అంతా చెప్పాను. ఆమె కిటికీ వైపు చూస్తూ వింది. అంతా అయ్యాక అంది, ఆ రొట్టె వాసన నాకు అప్పుడే తెలిసినాది అమ్మణ్ణీ, నువ్వు అట్ల అన్నాక నా ముక్కును నేను నమ్మలా అని.

పట్టాభిరామ్ వచ్చింది. ఆమె లేచింది. క్షమించమని అడుగుదామని నేనూ లేచాను. ఆమె అడగనివ్వలేదు.

"ఆయప్పకు తెలుసునా?"

"తెలీదక్కా."

"మా వీధిలో?"

తల అడ్డంగా ఊపాను.

"నా చెయ్యి సంగతి నాకు చెప్పేదానికా ఇంత దూరం వస్తివి?" అంది, దిగిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తుందని నేను కిటికీలోంచి వంగి ఉన్నాను. చూడలేదు.

ఆ మాట పట్టుకునే ఈ కాగితాలు మొదలుపెట్టాను. రాస్తూ రాస్తూ ఒకటి తెలిసింది. బావకు ఈ అక్షరాలు రావు. కాబట్టి కాగితం ఆయన చేతిలో పెట్టి పక్కకు తప్పుకునే వీలు లేదు. నా నోటితో చదవాలి. దాక్కుందామని వెతుక్కున్న చోటే నన్ను బయటికి ఈడ్చింది. సరే. కోత ఇంకో పది రోజుల్లో ఉంది. ఈసారి చెంబు ముట్టుకోను. పిలుస్తాను ఆయన్ని.

ఈ చివరి ముక్కలు ఆ తర్వాత రాస్తున్నవి.

పిలిచాను. బల్ల మీద మిగిలిన పొట్లాలు పెట్టి, ఇక్కడిదాకా చదివాను. స్వెట్టర్ల మాట దగ్గర బావ నవ్వాడు. మొదటి బాన దగ్గర నవ్వు ఆగింది. తర్వాత తల ఎత్తలేదు. చదవడం అయ్యాక నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను, ఎదురు చెప్పకూడదని పళ్ళు బిగించుకుని ఉన్నాను. ఆయన తిట్టలేదు.

"అంటే ఈ కొండలో ఏమీ లేదా మే?" అన్నాడు.

ఆ ప్రశ్న నేను అనుకోలేదు. ఆమె చెయ్యి ఒక్కటే విరిచాననుకున్నాను.

"తెలీదు బావా," అన్నాను. "మనం ఒక్కసారి కూడా సరిగ్గా చూడనే లేదు."

లేచి బయటికి వెళ్ళాడు. రెండు రోజులు రాతిగదిలో బానలు కడుగుతున్న చప్పుడు మాత్రం వినిపించేది. వైన్ పెట్టడానికో, అమ్మెయ్యడానికో నాకు తెలియదు, అడగలేదు. మూడోరోజు పొద్దున గుమ్మంలో నిలబడి, నేతవీధిలో గంజి పెట్టేది శనివారమంట అన్నాడు. అక్కను నేను అన్న మాటకు నేను వేరేగా ఆమె కాడికి పోతాను, నువ్వు చేసినదానికి నువ్వు పో అన్నాడు. అంతకు మించి ఇప్పటిదాకా ఏమీ లేదు.

శనివారం మొదటి బస్సుకు వెళ్ళాను. తెల్లవారుతోంది. ఇప్పుడు ఆ వీధిలో మిగిలిన మగ్గాలు కొన్నే, అయినా పడుగు వీధి ఈ చివరినుంచి ఆ చివరికి చాచి ఉంది. ఇరువైపులా మనుషులు కుంచెలతో గంజి పూస్తున్నారు. పులిసిన గంజి వాసన. గంజి బాన పక్కన నిలబడి చెప్పాను. వరలక్ష్మక్క చేతిలో ఏ దోషమూ లేదని, ఆ నాలుగు బానలూ చెడతాయని తెలిసి చెడనిచ్చింది నేనని, ఆమె అడిగినప్పుడు అబద్ధం చెప్పింది నేనని.

ఎవరూ కుంచె ఆపలేదు. గంజి ఆరిపోతే పడుగు పాడవుతుంది. నా ముఖం వైపు చూసినవాళ్ళు చూశారు, చూడనివాళ్ళు లేదు. నా పక్కనున్న ముసలామె తల ఎత్తకుండానే, పోగులు విడదీస్తూ అంది.

"గట్టిగా చెప్పు పాపా. ఆ చివరోళ్ళకు వినపళ్ళా."

ఆ వీధి చాలా పొడుగు. నా నోరు ఊరంతటికీ తెలుసని చెప్పాను కదా. ఊపిరి నిండా తీసుకున్నాను. ఇన్నేళ్ళలో అంత ఊపిరి లోపలికి పోలేదు. పడుగు వెంట నడుస్తూ, మళ్ళీ మొదటినుంచి చెప్పాను.